సున్నం మాదైతే, పెయింట్ మీదెట్లయింది? (పనీ కులమూ ఆడదీ – 7వ భాగం)

పోయిన భాగంల నేను ఒక వాక్యం రాసిన. "నా పేరు పక్కన పెయింటర్ అని రాయించుకునేందుకు నాకు 11 ఏండ్లు పట్టింది" అని. దానికి వచ్చిన జవాబులల్ల సగం అభినందనలు. మిగతా సగం ఒకటే పాట. "అక్కా, మీరంటే గౌరవమే. కానీ పెయింటింగ్ అంటే స్కిల్డ్ వర్క్. ఆడోళ్లు హెల్పర్‌గ అయితే ఓకే."

ఇట్ల రాసినోళ్లల్ల దొరలు లేరు, పటేండ్లు లేరు. ప్రొఫైల్ ఫొటోల బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకున్న మన తమ్ముళ్లే ఎక్కువున్నరు. అందుకే ఈ భాగం మొత్తం మీకే రాస్తున్న. కోపం తెచ్చుకున్నా సరే, చివరిదాక చదువుండ్రి.

ముందుగాల ఒక్కటి చెప్పుండ్రి. గోడకు రంగు వేసుడు ఆడోళ్లకు రాదని మీకు ఎవరు చెప్పిన్రు?

దసరాకు ముందు మీ ఇంటి గోడలకు సున్నం ఎవరు కొట్టిన్రు? మీ నాయన కొట్టిండా? మా వాడల అయితే ఏ నాయనా కొట్టలే. అమ్మలు కొట్టిన్రు, అవ్వలు కొట్టిన్రు, బడి ఎగ్గొట్టి మేం కొట్టినం. సున్నపు గడ్డలు తొట్టిల వేసి నీళ్లు పోస్తే బుసబుస పొంగుతయి. ఆ టైముల దగ్గరికి పోవద్దు. కంట్ల పడితే చూపు పోతది. సల్లారినంక గుడ్డల వడపోయాలె. ఇంత గంజి, ఇంత నీలిమందు కలపాలె. నీలి ఎక్కువైతే గోడ నీలంగ కొడ్తది. గంజి తక్కువైతే ఆనుకున్నోళ్ల వీపులకు సున్నం అంటుతది. దానికంటే ముందు పగుళ్లల్ల ఎర్రమన్ను, పేడ మెత్తి ఆరబెట్టాలె. సున్నం ఆరినంక అడుగున జాజు పట్టె గియ్యాలె, దారం పట్టి గీసినట్టు సక్కగ.

ఇవ్వాళ కంపెనీలు డబ్బా మీద ఏం రాస్తున్నయ్? మొదలు పగుళ్లు నింపు, గోడ సాపు చెయ్, తర్వాత ప్రైమర్, ఆ తర్వాత రంగు. మా అవ్వకు చదువు రాదు, కానీ ఈ వరుస వచ్చు. పాళ్లు వచ్చు, ఆరే టైము వచ్చు, వానకాలం గోడకూ ఎండకాలం గోడకూ తేడా వచ్చు. దానికి ఎవ్వరూ స్కిల్ అనలే. ఎందుకంటే దానికి ఎవ్వరూ పైసలు ఇయ్యలే.

మా అమ్మ పటేలు ఇంటికి కూడ సున్నం కొట్టేది. ప్రహరీకి, పశువుల కొట్టానికి. గడప లోపలి గోడలకు వేరే కులపోళ్లు వచ్చేది. అమ్మ చెయ్యి తాకిన గోడ తెల్లగ అయితది, కానీ అమ్మ కాలు పెట్టిన ఇల్లు మైల అయితది! కూలి మాత్రం ఇంత జొన్నలు, పండుగ నాటి మిగిలిన అప్పాలు.

తర్వాత డబ్బాలు వచ్చినయ్. డిస్టెంపర్ వచ్చింది, ఎనామిల్ వచ్చింది, ఎమల్షన్ వచ్చింది. స్క్వేర్ ఫీటుకు ఇంత అని రేటు వచ్చింది, గుత్త వచ్చింది, అడ్వాన్స్ వచ్చింది. గోడ అదే, చెయ్యి మాత్రం మారింది. పైసలు రాంగనే అది మగోళ్ల పని అయింది, దానికి స్కిల్ అని పేరొచ్చింది. ఆడోళ్లకు ఏం మిగిలింది? హెల్పర్.

ఆ హెల్పర్ అంటే ఏందో చెప్త. నేను 2003ల పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చిన. అడ్డా మీద నిలవడి పెయింటింగ్ మేస్త్రి దగ్గర పనికి పోయిన. పొద్దున పోంగనే పాత రంగు గీకాలె. లప్పం కలపాలె. ఉండలు కట్టకుండ, గంట లోపల అయిపోయేటంతనే కలపాలె, లేకుంటే గట్టిపడి పారబోయాలె, తిట్లు తినాలె. లప్పం రెండు కోట్లు ఆరినంక ఎమిరీ పేపర్ పట్టాలె. మొదలు గరుకుది, తర్వాత సన్నది. గోడ మీద బల్బు పక్కనుంచి పట్టి చూస్తే అలలు కనబడొద్దు. అరచెయ్యి పెట్టి రాస్తే ఎక్కడ ఎత్తున్నదో ఎక్కడ లోతున్నదో తెలువాలె. ఆ తర్వాత నేలంత తుడువాలె, కిటికీలకు పేపర్లు అంటించాలె, స్విచ్ బోర్డులు కప్పాలె, రంగు వడపోయాలె, రోలర్లు కడగాలె.

ఏ పెయింటర్‌నన్న అడుగుండ్రి, నిజం చెప్పేటోడైతే చెప్తడు. ఫినిషింగ్ అంతా లప్పంల ఉంటది, పేపరింగ్‌ల ఉంటది. గోడ మంచిగ తయారైతే రంగు ఎవరు వేసినా మంచిగనే ఉంటది. గోడ పాడుంటే ఎంత ఖరీదు రంగు వేసినా ఎండ పడంగనే గుట్టు బయటపడ్తది. రోలర్ తిప్పుడు ఒక తెలివైన మనిషికి వారం రోజుల పని. గోడను చదువుడు ఏండ్ల పని. ఆ ఏండ్ల పని చేసేది హెల్పర్. వారం పని చేసేటోడు స్కిల్డ్.

ఇది నేను కోపంతోని చెప్తున్న మాట కాదు, లెక్కతోని చెప్తున్న. ఇవ్వాళ నేను తిరిగే సైట్లల్ల పెయింటర్‌కు రోజుకు 1,100. ఆడ హెల్పర్‌కు 700. తేడా 400. నెలకు 20 రోజులు, ఏడాదికి 10 నెలలు పని దొరికిందనుకో. ఏడాదికి 80,000. నేను హెల్పర్‌గ ఉన్నది 11 ఏండ్లు. ఇవ్వాళ్టి రేటుతోని కడితే 8,80,000 రూపాయలు. ఆ ఒక్క మాట ఖరీదు అది. ఊర్ల ఒక ఇల్లు లేస్తది. ఇద్దరు పిల్లల ఇంజనీరింగ్ అయిపోతది. "పేరుల ఏమున్నదక్కా, పని చేసినమా లేదా" అనే తమ్ముళ్లు ఈ లెక్క ఒకసారి సూడుండ్రి.

మరి చట్టం లేదా అంటరు. ఉన్నది. 1976లనే సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి, లేదంటే ఒకే తీరు పనికి ఆడ మగ తేడా లేకుండ ఒకే కూలి ఇయ్యాలె. దాన్ని 2019ల వేతనాల కోడ్‌ల కలిపిన్రు, కానీ ఆ సూత్రం అట్లనే ఉన్నది. అయితే గుత్తేదారు మనకంటే హుషారు. ఒకే పనికి ఒకే కూలి అని చట్టం అంటే, ఆయన కూలి మార్చలే. పని పేరు మార్చిండు. అదే గోడ మీద, అదే రోజు, మగోడు పట్టిన బ్లేడు పెయింటర్ పని. నేను పట్టిన బ్లేడు హెల్పర్ పని. పేరు వేరైతే కూలి వేరు. మస్టర్‌ల సంతకం కూడ మనతోనే పెట్టిస్తడు.

సర్కారు దగ్గర కూడ ఇదే. మన దేశంల పనులన్నిటికీ నంబర్లు ఇచ్చిన వర్గీకరణ ఒకటున్నది. అంతర్జాతీయ వర్గీకరణను చూసి తయారు చేసిందే. అండ్ల పెయింటర్లది 7131. 7తోని మొదలైతే చేతివృత్తి నిపుణులు. బిల్డింగ్ కూలీలది 9313. 9తోని మొదలైతే ఏ నైపుణ్యం అక్కరలేని పనులు. ఈ 7కూ 9కీ నడుమ ఎంతమంది మన ఆడోళ్లు కూలవడ్డరో ఒక్కసారి మీ అడ్డా మీదికి పోయి చూడుండ్రి. కనీస వేతనాల జీవోలల్ల స్కిల్డ్‌కు ఒక రేటు, అన్‌స్కిల్డ్‌కు ఒక రేటు ఉంటది. ఏ గీతకు ఆవల నిలవడ్తవో నీ బతుకు అక్కడ్నే ఉంటది. ఆ గీత గీసేది ఎవరు? పరీక్ష పెట్టి గీసిన్రా? లేదు. మేస్త్రి పొద్దున ఎనిమిదింటికి నోటితోని గీస్తడు.

ఇప్పుడు "నిచ్చెన" దగ్గరికి వస్త. "ఆడోళ్లు నిచ్చెన ఎక్కలేరక్కా, పరంజా మీద నిలవడలేరు, పడితే ఎవరు జవాబుదారి" అని ఒక తమ్ముడు రాసిండు. తమ్మీ, స్లాబు వేసే రోజు నువ్వు ఎన్నడన్న సైటుకు పోయినవా? నెత్తి మీద కాంక్రీటు తట్ట పెట్టుకుని, కడుపుల బిడ్డను పెట్టుకుని, కర్రల మెట్ల మీదికెళ్లి మూడో అంతస్తు ఎక్కేది ఎవరు? అప్పుడు పడిపోతదని ఎవ్వరికీ భయం లేదు. అదే ఆడది అర కిలో బ్రష్ పట్టుకుని అదే పరంజా ఎక్కితే అందరికీ ఒక్కసారే దయ పుడ్తది. తట్ట బరువుకు రాని దయ బ్రష్ బరువుకు ఎందుకొస్తది? బ్రష్‌కు కూలి ఎక్కువున్నది కాబట్టి.

పడుడు గురించి కూడ చెప్త. మగోళ్లు పడ్తలేరా? నేను నా కండ్లతోని చూసిన, జూలా తాడు తెగి నాలుగో అంతస్తు నుంచి పడ్డ పిల్లగాడిని. మన మాదిగ పిల్లగాడే. వాడు మగోడైనందుకు పడలే. నడుముకు బెల్టు లేక పడ్డడు. ఎత్తు మీద పని చేసేటోళ్లకు రక్షణ ఇయ్యాలెనని భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996ల వచ్చింది. ఆ బెల్టు ఇయ్యమని అడగాల్సిన నోరు, ఆడోళ్లను నిచ్చెన దిగమంటున్నది. గుత్తేదారుకు ఇంతకంటే ఏం కావాలె?

"హెల్పర్ పని తేలిక పని" అనేది ఇంకో అబద్ధం. పేపరింగ్ చేస్తే లేచే పొడి చూసిన్రా? సిమెంటు, సున్నపురాయి పిండి. సాయంత్రం అయ్యేసరికి కనురెప్పలు, ముక్కు, గొంతు అన్నీ తెల్లగ అయితయి. పాత ఇండ్లల్ల గీకేటప్పుడు అది ఇంకో తీరు విషం. ఇండ్లకు వేసే రంగులల్ల సీసం 90 పీపీఎం మించొద్దని మన దేశంల రూల్ అమలుకొచ్చింది 2017 నవంబర్‌ల. అంటే అంతకుముందు ఏండ్ల తరబడి వేసిన ఎనామిల్ తలుపులల్ల, గ్రిల్స్‌ల సీసం ఎంతుందో ఆ గీకే మనిషికి తెల్వదు. గీకేది హెల్పర్. పక్కన గోనె సంచి మీద పండుకున్నది ఆమె బిడ్డ. సీసం పెద్దోళ్ల కంటే పసిపిల్లల మెదడుకు ఎక్కువ చెరుపు చేస్తది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపుల పెట్టింది, 1989లనే. మరి పెయింటర్ పీల్చిన గాలి హెల్పర్ పీల్చదా? ప్రమాదంల సగం కాదు, నిండు వాటా. కూలిల మాత్రం తరుగు.

ఆ 1996 చట్టంలనే ఇంకొకటుండేది. 50 మందికి మించి ఆడోళ్లు పనిచేసే చోట ఆరేండ్ల లోపు పిల్లలకు ఒక గది ఉండాలెనని. ఇన్నేండ్లల్ల నేను పనిచేసిన ఒక్క సైటుల కూడ ఆ గది చూడలే. పేపరింగ్ ఒక గుత్తకు, క్లీనింగ్ ఒక గుత్తకు, కాంక్రీటు ఇంకో గుత్తకు ఇస్తరు. ఎవని కింద చూసినా 50 మంది ఉండరు. అందరినీ కలిపి లెక్కపెట్టేటోడు రాడు. ఆడోళ్లకు కక్కూసు అడిగితే "పెయింటింగ్ ఇంకా రెండు నెలలే కదమ్మా" అంటరు. రెండు నెలలు ఎట్ల ఆపుకోవాలెనో చెప్పరు.

మరి నేనెట్ల నేర్చుకున్న? ఎవ్వరూ నేర్పలే. మగోళ్లు బీడీ తాగటానికి, తిండికి పోయినప్పుడు ఎవ్వరూ చూడని గోడల మీద నేర్చుకున్న. మెట్ల కింది గోడ, మోటారు గది, అల్మారా లోపలి భాగం. సీలింగ్ అంచుకు కటింగ్ కొట్టాలంటే ఊపిరి బిగబట్టి ఒకే గీతల చెయ్యి పోవాలె. అది మోటారు గదిల నేర్చిన. తడి ఆరకముందే పక్క పట్టె కలపకపోతే గోడ మీద అతుకు కనబడ్తదని అల్మారాలల్ల నేర్చిన. కొత్త గోడ పచ్చిగ ఉండంగ రంగు వేస్తే తెల్ల ఉప్పు పూస్తదని నేర్చిన. ఒక రోజు మేస్త్రి చూసి "మోటారు గది ఎవడు కొట్టిండురా, మంచిగున్నది" అన్నడు. నేను కొట్టిన అంటే నవ్విండు. మర్నాడు నుంచి కటింగ్ పని నాతోనే చేయించిండు. కూలి మాత్రం హెల్పర్‌దే. ఆయన మన కులపోడే. ఫోన్ ఎత్తితే హలో అనడు, జై భీమ్ అంటడు.

ఇగో, ఇక్కడికే రావాలనుకున్న. తమ్ముళ్లారా, దీనికి జవాబు చెప్పుండ్రి.

కుండకు కుమ్మరి ఉన్నడు. చెక్కకు వడ్ల ఉన్నడు. ఇనుముకు కమ్మరి ఉన్నడు. ఎమల్షన్ డబ్బాకు ఏ కులమూ లేదు. రోలర్‌ను ఏ పురాణంల ఎవ్వనికీ రాసియ్యలే. అందుకే కదా మన పిల్లలు చెప్పులు, డప్పు, వెట్టి ఇడిసిపెట్టి పట్నం వచ్చి పెయింటర్లు అయిన్రు, నాలుగు పైసలు చూసిన్రు. మనకు దొరికిన కొత్త పని అది. పుట్టుక అడగని పని. 1936ల లాహోర్‌ల నిర్వాహకులు చదవనియ్యని ప్రసంగంల బాబాసాహెబ్ చెప్పింది ఇదే కదా. పనులు పంచుకునుడు వేరు, పనిచేసే మనుషులనే ఒకని మీద ఒకడిని మెట్లుగ పేర్చుడు వేరు అని. మెట్లు లేని పని ఒకటి చేతికొస్తే మనం ఏం చేసినం? రెండు మెట్లు కట్టినం. పై మెట్టు మీద మనం కూసున్నం. కింది మెట్టు మీద మన అక్కను, మన పెండ్లాన్ని కూసోబెట్టినం. "నీకు రాదు, అది నీ పని కాదు, నువ్వు ముట్టొద్దు." ఈ మూడు మాటలు మన తాతలకు ఎవరు చెప్పిన్రో గుర్తున్నదా? అవే మాటలు అక్షరం మార్చకుండ మీరు బ్రష్ గురించి మాకు చెప్తున్నరు.

సంఘాలోళ్లకు కూడ ఒక మాట. ధర్నాకు బస్సు నిండాలంటే ఆడోళ్లు కావాలె. సభకు ముందు వరుసల ఆడోళ్లు కావాలె. అడ్డా కమిటీల ఎంతమంది ఉన్నరు? కూలి రేటు మాట్లాడే రోజు మగ రేటు ఒకటి, ఆడ రేటు ఒకటి అని రెండు కాగితాలు ఎందుకు రాస్తున్నరు?

ఇప్పుడు నాతోని నలుగురు ఆడోళ్లు పనిచేస్తరు. గుత్త మేమే పట్టుకుంటం. "ఇంట్ల నేనొక్కదాన్నే ఉంటనమ్మా, మీరైతే భయముండది" అని పిలిచే ఇల్లాండ్లు ఉన్నరు. సంతోషమే. కానీ ఆ నోటితోనే "ఆడోళ్లే కదా, కొంచెం తక్కువ వేసుకోండి" అంటరు. రెండో రోజు టీ ఇచ్చే ముందు "మీరేమిట్లు" అని అడుగుతరు. చెప్పినంక మూడో రోజు నుంచి పేపర్ కప్పు. రంగు వేసేది మాత్రం పూజ గదికి కూడ మేమే. అమ్మను గడప దాటనియ్యలే, నన్ను పూజ గది దాక రానిచ్చిన్రు. దీన్ని ప్రగతి అనమంటే అంట, కానీ ఆ కప్పును కూడ లెక్కల రాసుకుంట.

ఆడోళ్లు చేయగలరా అనే ప్రశ్నకు జవాబు మన దేశంలనే ఉన్నది. జార్ఖండ్‌ల మరుగుదొడ్లు కట్టే పనికి ఆడోళ్లకు మేస్త్రి పని నేర్పిన్రు. తాపీ మేస్త్రిని అక్కడ రాజ్ మిస్త్రీ అంటరు. ఈ ఆడోళ్లను రాణీ మిస్త్రీ అన్నరు. హెల్పర్ అనలే. పేరు ఇచ్చిన్రు, పని ఇచ్చిన్రు, ఇటుక మీద ఇటుక పెట్టి వాళ్లు కట్టి చూపెట్టిన్రు.

మన తెలంగాణల 2024ల సర్కారు బడుల మరమ్మతులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. మహిళా సంఘాల అక్కలే వాటికి అధ్యక్షులు. మంచిదే. నేను అడిగేది ఒక్కటే. మీ ఊరి బడి గోడకు రంగు వేసిన చెయ్యి ఎవరిది? సంతకం ఆడదానిది, బ్రష్ మగోడిది అయితే ఆ కూలి పైసలు ఏ ఇంటికి పోయినయ్? ఊరికి నలుగురు ఆడోళ్లకు నెల రోజులు నేర్పితే బడి, అంగన్‌వాడీ, పంచాయతీ ఆఫీసు, అన్ని గోడలూ ఏడాది పొడుగుత వాళ్ల చేతికి పని ఇస్తయి.

మేం దయ అడుగుతలేం. నాలుగు అడుగుతున్నం.

ఒకటి, మస్టర్‌ల పని పేరు రాయుండ్రి. లప్పం పెట్టినామె లప్పం పెయింటర్, పేపరింగ్ చేసినామె పెయింటర్. హెల్పర్ అని రాస్తే సంతకం పెట్టకుండ్రి అక్కలారా.

రెండు, కార్మిక కార్డు మీద వృత్తి మార్పించుకోండ్రి. ఏడాదిల 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏండ్ల మనిషి ఎవరైనా సంక్షేమ బోర్డుల పేరు రాయించుకోవచ్చు. రాయించుకునేటప్పుడు "కూలీ" అని రాస్తుంటే చెయ్యి పట్టి ఆపుండ్రి.

మూడు, పనిలనే నేర్చుకున్నోళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు పద్ధతి ఉన్నది. సంఘాలు మగోళ్లను తీసుకపోతున్నట్టే ఆడోళ్లను కూడ తీసుకపోవాలె.

నాలుగు, మేస్త్రి తమ్ముళ్లకు. వారానికి ఒక పూట, కూలి కోయకుండ, నీ దగ్గరున్న ఆడామె చేతికి బ్రష్ ఇయ్యి. ఎవ్వరూ చూడని మోటారు గదిల కాదు. హాలుల ఇయ్యి, ఓనర్ చూస్తుండంగ ఇయ్యి. ఆమె కొట్టిన గోడ బాగలేదా, బాగలేదని చెప్పు. బాగున్నదా, ఆ రోజు కూలి నీకెంతో ఆమెకంత లెక్కపెట్టు.

ఇది చేయలేనోడు సమానత్వం గురించి నా పోస్టుల కింద రాయకండి. మీ గౌరవం నాకొద్దు, నా 400 రూపాయలు నాకియ్యుండ్రి.

వచ్చే భాగంల కార్మిక కార్డు కోసం తిరిగిన ఆఫీసుల గురించి రాస్త.

జై భీమ్.